‘ఉంచండి, అమ్మవద్దు’: హక్కుల ఉద్యమాల నెగెటివ్‌ల విషయమై తెలుగు దినపత్రికల సంపాదకులకు, యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, యాజమాన్య ప్రతినిధులకు నమస్కారాలు.

నేను 1986 నుంచి 2018 వరకు విశాఖపట్నంలో దినపత్రికలకు ఫోటోలు తీసినవాడిని. మొదటి ఆరేళ్ళు అచ్చయిన ఫోటోకు ఇంత అని లెక్కకట్టి ఇచ్చే కంట్రిబ్యూటరుగా, ఆ తరువాత జీతం మీద పనిచేశాను. మన వృత్తిలోని మాటను నలుగురిలో పెట్టాలని నాకు ముందు లేదు. ఉద్యమాలను తీసిన పాత నెగెటివ్‌లను, అంటే ఫోటోలకు మూలమైన ఫిల్మును, భద్రపరచమని రెండేళ్ళలో మూడుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. ఒకచోట కాగితం తీసుకుని, నకలు మీద ముద్ర వేసి చేతికిచ్చారు. ఒకచోట పైవాళ్ళకు పంపుతామన్నారు. మరొకచోట గేటు దగ్గరి గదిలో ఉంచి వెళ్ళమన్నారు. ఇంతవరకు ఎక్కడి నుంచీ జవాబు లేదు. అవి ఏయే సంస్థలన్నది ఈ లేఖలో రాయడం లేదు. మన వృత్తి అంతటా పాతుకుపోయిన అలవాటు గురించి మాట్లాడుతున్నాను కాబట్టి అందరినీ ఉద్దేశించే రాస్తున్నాను.

జరిగిన సంగతి ఇది. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం కంచరపాలెం వైపు ఉన్న ఒక పాత సామాన్ల కొట్టు నుంచి నాకు ఫోను వచ్చింది. ఫోను చేసిన మనిషి ఒకప్పుడు మా డార్క్‌రూములో సహాయకుడిగా ఉండేవాడు. ‘‘సార్, మీ చేతిరాత ఉన్న కవర్లు తూకానికి వచ్చాయి, రేపు లారీకి ఎత్తేస్తారు’’ అన్నాడు. వెళ్ళి చూస్తే ఆసుపత్రుల నుంచి వచ్చిన ఎక్స్‌రే ఫిల్ముల కట్టల పక్కన రెండు గోనె సంచులు ఉన్నాయి. ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీసేవాళ్ళు పాత నలుపు తెలుపు నెగెటివ్‌లను కూడా కిలోల లెక్కన కొంటారు. సంచి మూతి విప్పగానే వెనిగర్ ఘాటు ముక్కుకు తగిలింది. ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ పాడవడం మొదలైతే వచ్చే వాసన అది. ఒక స్ట్రిప్పుకు (ఫిల్ము ముక్కకు) పట్టిందంటే పక్కనున్న వాటికి పాకుతుంది.

బటర్ పేపరు కవర్లు తడికి ఒకదానికొకటి అంటుకుపోయి అట్టముక్కల్లా ఉన్నాయి. కొన్నింటి మీద నేను పెన్సిలుతో రాసిన తేదీ, ఊరు ఇంకా కనిపిస్తున్నాయి. ఊడి వచ్చిన ఒక స్ట్రిప్పును కొట్టులోని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాను. కార్పొరేషన్ కార్యాలయం ఎదుట పారిశుద్ధ్య కార్మికులు బైఠాయించిన రోజు అది. ముందు వరసలో ఒక ముసలావిడ చీపురును జెండా కర్రలా నిలబెట్టి పట్టుకుని ఉంది. నెగెటివ్‌లో తెల్ల జుట్టు నల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆమె పాతికేళ్ళ పిల్లలా ఉంది. తరువాతి ఫ్రేములో ఆమె ముఖం ఉండవలసిన చోట బూజు సాలీడు గూడులా అల్లుకుపోయి ఉంది. ఆ రెండు సంచులనూ తూకం ధర ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ నెగెటివ్‌లు మా పాత కార్యాలయంలో మెట్ల కింది గదిలో రెండు ఇనుప బీరువాల్లో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆ గదిలోకి నీళ్ళు వచ్చాయి. కంప్యూటర్లను పై అంతస్తుకు చేర్చారు, బీరువాల దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. ఆ రోజుల్లో ఊరంతా కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడుతున్నది. నేను కూడా నా ఇల్లు చక్కబెట్టుకునే పనిలోనే ఉన్నాను, కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది. కానీ ఆ తరువాత ఏళ్ళు గడిచాయి. కార్యాలయం వేరే భవనానికి మారింది. మారేటప్పుడు ఒక బీరువాను తూకానికి వేసి, లోపల ఉన్నవాటిని సంచుల్లో కుక్కారు. ఇన్నేళ్ళలో ఆ బీరువాల్లో ఏముందని అడిగినవారు ఒక్కరూ లేరు.

ఏముందో చెప్పవలసిన బాధ్యత నాకుంది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల ఊచకోత జరిగినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. ఊరు విడిచి చీరాల చేరిన బాధితుల ఫోటోలను పత్రికల్లో చూసి, ఈ పని నేర్చుకోవాలని అనుకున్నాను. ఆ మరుసటి ఏడాది కెమెరా పట్టిన నాటి నుంచి చుండూరు దళితుల హత్యలకు నిరసనగా నగరంలో సాగిన ఊరేగింపులు, మన్యం భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టాన్ని కాపాడాలని మన్యం నుంచి దిగివచ్చిన ఆదివాసీల ర్యాలీలు, ఎదురుకాల్పుల పేరుతో జరిగిన మరణాలపై హక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందాల పర్యటనలు, ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి ఆర్‌ కార్డులు (పునరావాస కార్డులు) చేత పట్టుకుని ఉద్యోగాల కోసం తిరిగిన నిర్వాసితుల ధర్నాలు, మడ్డువలస జలాశయానికి సేకరించిన భూముల తగాదాలో 2012 జూన్ 12న అయిదుగురు దళితులను పోగొట్టుకున్న లక్ష్మీపేట, ఇవన్నీ నా కెమెరా చూసింది. నాలాగా పనిచేసినవాళ్ళు ఉత్తరాంధ్రలో ఎందరో ఉన్నారు.

ఫిల్ము రోజుల్లో ఈ పని ఎలా ఉండేదో కొత్తగా వచ్చిన సంపాదకులకు తెలియకపోవచ్చు. వంద అడుగుల ఫిల్ము డబ్బా కొని, చీకట్లో తడుముకుంటూ కత్తిరించి, పాత క్యాసెట్లలో చుట్టుకునేవాళ్ళం. ఒక డబ్బాకు సుమారు 18 రీళ్ళు వచ్చేవి, నెలంతా వాటితోనే గడవాలి. అందువల్ల ఒక ధర్నాలో పది పన్నెండు సార్లకు మించి బటన్ నొక్కేవాళ్ళం కాదు, నొక్కిన ప్రతిసారీ ఎదుట ఎవరున్నారో చూసి నొక్కేవాళ్ళం. పాడేరులో సాయంత్రం దాకా ఉండవలసి వస్తే, తీసిన రీలును కాగితంలో చుట్టి, కార్యాలయం చిరునామా రాసి, విశాఖ వెళ్ళే బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాళ్ళం. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మా అటెండరు ఆ బస్సు కోసం కాచుకుని ఉండేవాడు. ఇంత కష్టపడి తెచ్చిన రీలులో 36 ఫ్రేములుంటే ఒకటి అచ్చయ్యేది, మిగిలిన 35 బీరువాలోకి వెళ్ళేవి. ఆదివాసీల ధింసా నృత్యం ఫోటో అయితే మొదటి పేజీలో రంగుల్లో వచ్చేది, అదే ఆదివాసీలు భూమి కోసం నడిచిన ఫోటో జోనల్ పేజీలో రెండు కాలమ్‌లకు కుదించుకుపోయేది, లేదా అసలు వచ్చేదే కాదు. అందుకే అచ్చయిన పత్రికల కంటే ఆ బీరువాల్లోనే ఈ ప్రాంతపు హక్కుల చరిత్ర ఎక్కువగా ఉందని నేను నమ్ముతున్నాను.

ఈ నమ్మకానికి ఒక దాఖలా చూపుతాను. అమెరికాలో పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగిన నగరాల్లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ ఒకటి. 1963 మే నెలలో అక్కడ ఊరేగింపుగా వచ్చిన నల్లజాతి పిల్లల మీదికి అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు కొట్టారు, పోలీసు కుక్కలను ఉసిగొలిపారు. చార్లెస్ మూర్, బిల్ హడ్సన్ వంటివారు తీసిన ఆ ఫోటోలను ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాది, 1964లో, అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చింది. అయితే నేను చెప్పదలచినది ఆ ఫోటోల గురించి కాదు. అదే ఊళ్ళోని ‘బర్మింగ్‌హామ్ న్యూస్’ దినపత్రిక ఫోటోగ్రాఫర్లు కూడా ఆ ఏళ్ళలో ఉద్యమాన్ని తీశారు. వాటిలో అధిక భాగం అప్పట్లో అచ్చు కాలేదు. 2004లో ఆ కార్యాలయంలో ఒక యువకుడు లెన్సు కోసం సామాన్ల గది వెతుకుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. అందులో 1950 నుంచి 1965 వరకు తీసిన సుమారు 5,000 చిత్రాల నెగెటివ్‌లు ఉన్నాయి. 2006 ఫిబ్రవరిలో ఆ పత్రిక వాటిలో కొన్నింటిని తానే ప్రచురించింది. నలభై ఏళ్ళపాటు ఆ పెట్టె చెత్తలోకి పోకుండా నిలిచింది. దాని మీద ఎవరో ‘ఉంచండి. అమ్మవద్దు.’ అని రాసిపెట్టారు. ఆ మాట రాసినవారు ఎవరో నాకు తెలియదు. మన బీరువాల మీద అటువంటి మాట రాసినవారు ఎవరూ లేకపోవడమే నా ఫిర్యాదు.

దీనివల్ల సామాన్యులకు ఏ నష్టం జరుగుతున్నదో కింద వివరిస్తున్నాను.

1. కొందరికి తమ మనిషి ముఖం ఉన్న ఒకే ఒక్క చోటు ఆ నెగెటివ్. రెండేళ్ళ కిందట అనకాపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక మహిళ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ‘‘మా అయ్య బొమ్మ నీకాడ ఉంటాదేటి బాబూ? ఆయన మొకం ఎలగుంటాదో నానెరగను’’ అని అడిగింది. ఆమెకు మూడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పోవడానికి కొన్ని నెలల ముందు, భూమి పట్టాల కోసం కలెక్టరు కార్యాలయం ముందు కూర్చున్నవారిలో ఆయన ఉన్నాడు, ఆ ఫోటో పేపరులో పడింది. తల్లి ఆ పేపరు ముక్కను చాలాకాలం దాచిందట, గుడిసె కాలినప్పుడు అది కూడా పోయింది. ఆ ఫోటో తీసింది నేనే. ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి, పాత పత్రికల బైండింగులు తిరగేసి, రెండు రోజులకు ఆ పేజీ పట్టుకున్నాము. రెండో వరసలో తండ్రి ఎక్కడ కూర్చున్నాడో తల్లి చెప్పగా విన్న గుర్తు ఆమెకు ఉంది. వేలు పెట్టి చూపించింది. గోరంత ఉన్నాడు. భూతద్దం పెడితే కళ్ళూ ముక్కూ పోయి అచ్చు చుక్కలు మాత్రమే మిగిలాయి. నెగెటివ్ ఉంటే ఆ ముఖాన్ని చేయంత పెద్దది చేసి ఇవ్వగలిగేవాడిని. పేదవారి ఇళ్ళలో ఆ కాలంలో ఫోటోలు ఉండేవి కావు. వాళ్ళను ఫోటో తీసింది ఒక్క పత్రికలే, అదీ వాళ్ళు వీధిలోకి వచ్చిన రోజున.

2. సాక్ష్యం పోతున్నది. పత్రికలో వార్త వచ్చినంత మాత్రాన న్యాయస్థానం దాన్ని రుజువుగా తీసుకోదు, దాన్ని విన్నమాట కిందే జమకడుతుంది. ఫోటోను రుజువు చేయాలంటే తీసినవాడు బోనెక్కాలి, అతని వెంట నెగెటివ్ ఉండాలి. హక్కుల కేసులు ఎన్నేళ్ళు సాగుతాయో మీకు తెలుసు. చుండూరు హత్యలు 1991 ఆగస్టు 6న జరిగితే, ఆ ఊళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది, దాన్ని 2014లో హైకోర్టు కొట్టివేసింది. అన్నేళ్ళూ బాధితులు తమ పక్క కాగితాలను ప్రాణంలా దాచుకోవలసి వచ్చింది. మనం మాత్రం భవనం మారినప్పుడల్లా మన దగ్గరున్నవి పారేస్తున్నాం. లాఠీ దెబ్బలకు తల పగిలిన మనిషి పదేళ్ళ తరువాత వచ్చి ఆ రోజు తాను అక్కడ ఉన్నానని చూపే ఫోటో అడిగితే, చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండడం లేదు.

3. ఈ అంశం రాయడానికి నాకు కష్టంగా ఉంది. 1990ల్లో ఒక రాస్తారోకో జరిగిన మరునాడు ఒక పోలీసు అధికారి మా కార్యాలయానికి వచ్చారు. కోర్టు ఉత్తర్వు ఏదీ లేదు. మర్యాదగానే మాట్లాడి, టీ తాగి, కాంటాక్ట్ షీట్లు, అంటే రీలులోని ఫ్రేములన్నిటినీ చిన్నవిగా ఒకేచోట ప్రింటు వేసిన కాగితాలు, చూస్తానన్నారు. డెస్కులో ఎవరో తీసి ఇచ్చారు. ఆయన ఎర్ర పెన్సిలుతో ఎనిమిది ముఖాలకు సున్నాలు చుట్టారు. వారం తిరక్కుండా ఆ ఎనిమిది మంది మీదా కేసులు పడ్డాయి. వాళ్ళలో ఒకడు, ఎండలో నేను తూలిపోతుంటే ముంతతో మంచినీళ్ళు తెచ్చిచ్చిన కుర్రవాడు. వాడు ఆరేళ్ళు వాయిదాలకు తిరిగాడు. ఆ షీట్లను నేను ఇవ్వలేదు, అయితే ఇవ్వవద్దని గట్టిగా అడ్డుపడిందీ లేదు. ఆ తరువాత చాలాకాలం ఆ పేట వాళ్ళు నన్ను చూసి ముఖం తిప్పుకునేవారు, దానికి నేను వాళ్ళను తప్పుపట్టను.

అమెరికాలో మెంఫిస్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ విథర్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫరు ఉండేవారు. 1955లో ఎమెట్ టిల్ అనే బాలుడి హత్య కేసు విచారణను ఆయన ఫోటోలు తీశారు. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసి, ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని బారులు తీరినప్పుడు తీసిన ప్రసిద్ధ చిత్రం ఆయనదే. ఉద్యమ నాయకులు ఆయనను తమ ఇంటి మనిషిలా రానిచ్చేవారు. 2007లో ఆయన మరణించారు. ఆయన ఉద్యమ సమాచారాన్ని ఎఫ్‌బీఐకి చేరవేసేవారని 2010లో బయటపడింది. ఆ మాట విని నేను చాలా రోజులు నిద్రపోలేదు. డబ్బు తీసుకుని ఇచ్చినా, మొహమాటానికి ఇచ్చినా, కెమెరా ముందు నిర్భయంగా నిలబడిన మనిషికి జరిగే హాని ఒక్కటే. అందువల్ల నెగెటివ్‌లను భద్రపరచడమంటే, అవి ఎవరి చేతికి వెళ్ళకూడదో నిర్ణయించడం కూడా అందులో భాగమే. పాత సామాన్ల కొట్టులో పడి ఉన్నవి ఎవరి చేతికైనా వెళ్ళవచ్చు.

4. కొన్ని ముఖాలను దాచవలసిన చట్టబద్ధమైన బాధ్యత మనకున్నది. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అంటే దాదాపు పదహారేళ్ళు ఆ మహిళలు కొండ దిగి కోర్టుకు వచ్చారు, ఆ దారిలో ఎన్నో కెమెరాలు వాళ్ళను చూశాయి. నేను వాళ్ళ నడకను వెనుక నుంచి, పాదాలు కనిపించేలా తీశాను. ముఖాలు కావాలని డెస్కు నుంచి ఫోను వచ్చినా ఇవ్వలేదు. అందరం అంత జాగ్రత్తగా ఉన్నామని చెప్పలేను. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం పాత శిక్షాస్మృతి 228ఎ సెక్షను ప్రకారమూ నేరమే, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారమూ నేరమే. అటువంటి ఫ్రేములు ఏ బీరువాలో, ఏ కంప్యూటరులో ఉన్నాయో ఏ సంస్థ దగ్గరా జాబితా లేకపోతే, ఆ మహిళలకు మనం ఇచ్చిన మాట ఏ రోజైనా తప్పిపోవచ్చు.

5. తీసినవాడి పేరు లేదు. 1966 నవంబరు 1న విశాఖ ఉక్కు కోసం ఉద్యమించిన జనం మీద ఈ నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఏటా ఆ రోజున పత్రికలు వేసే పాత చిత్రాల కింద ‘ఫైల్ ఫోటో’ అని తప్ప, తీసిన మనిషి పేరు నేను ఎన్నడూ చూడలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వార్తా ఫోటోగ్రాఫరును కూడా జర్నలిస్టుగానే లెక్కించింది. కంట్రిబ్యూటర్లకు మాత్రం ఆ గుర్తింపూ లేదు, పేరూ లేదు, కెమెరా పగిలితే అడిగేవారూ లేరు.

6. డిజిటల్ వచ్చాక ఈ బాధ తీరిందని అనుకునేవారికి ఒక మాట. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన రోజున, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వెంకటాపురం వైపు పరుగెత్తినవాళ్ళు మన కుర్రాళ్ళే. వాళ్ళలో కొందరిని ఈ మధ్య కలిసి, ఆ రోజు తీసిన అసలు ఫైళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. వాట్సాప్‌లో డెస్కుకు పంపామని, కార్డు నిండితే చెరిపేశామని చెప్పారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోతుంది, ఎప్పుడు ఏ కెమెరాతో తీశారన్న వివరం దాని నుంచి ఊడిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతున్నది. అసలు ఫైలే లేనప్పుడు ఆ ధ్రువపత్రం దేనికి ఇస్తారు? మా నెగెటివ్‌లు చెడడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, వీళ్ళవి అదే రోజు సాయంత్రం పోతున్నాయి.

ఇక చట్టం సంగతి. నెగెటివ్‌లు సంస్థ ఆస్తి అని, వాటిని ఏం చేసుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదని నాకు మౌఖికంగా చెప్పినవారున్నారు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను (ఎ) క్లాజును దయచేసి మరొకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. పత్రికలో ఉద్యోగిగా తీసిన ఫోటో విషయంలో, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించే మేరకు హక్కు యజమానిది. మిగిలిన అన్ని విషయాల్లోనూ మొదటి హక్కుదారు తీసినవాడే. అది నా రచన అని చెప్పుకునే హక్కును 57వ సెక్షను విడిగా కాపాడుతున్నది. ఫిల్ము కొన్నది సంస్థే అన్న మాటను నేను కాదనడం లేదు. ఫిల్ము సంస్థదై, అందులోని చిత్రం మీద తీసినవాడికి హక్కు ఉన్నప్పుడు, అతనికి ఒక్క మాటైనా చెప్పకుండా తూకానికి వేయడం న్యాయమేనా అని అడుగుతున్నాను.

నా డిమాండ్లలో మొట్టమొదటిది, ఖర్చు ఏమీ లేనిది. ఈ లేఖ చదివిన రోజు నుంచి ఏ కార్యాలయంలోనూ నెగెటివ్‌లు, కాంటాక్ట్ షీట్లు, పాత సీడీలు, హార్డ్ డిస్కులు అమ్మకూడదు, పారవేయకూడదు. ప్రతి యూనిట్ ఆఫీసుకూ ఆ మేరకు రాతపూర్వకమైన ఆదేశం వెళ్ళాలి. ఉన్నవాటి మీద ‘ఉంచండి, అమ్మవద్దు’ అని అట్టముక్క అంటించాలి. వెనిగర్ వాసన వస్తున్నవాటిని మిగిలినవాటి నుంచి వేరుచేసి, గాలి ఆడే చోట పెట్టాలి. ఇది ఒక అటెండరు, ఒక విశ్రాంత ఫోటోగ్రాఫరు కలిసి నాలుగు రోజుల్లో చేయగల పని. ఏ సంస్థ పిలిచినా నేను జీతం లేకుండా వచ్చి చేస్తాను.

రెండవది, తీసినవారు బతికి ఉంటే వారికి, లేకపోతే వారి కుటుంబానికి కబురు చేసి, సంస్థ ఉంచుకోదలచని నెగెటివ్‌లను రసీదు మీద అప్పగించాలి. ఉంచుకోదలచినవాటిని విశాఖలో ఒకచోట చేర్చి స్కాన్ చేయించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ ఉంది, పెద్ద గ్రంథాలయం ఉంది. నగరంలో పౌర గ్రంథాలయం ఉంది. వాటి పెద్దలతో కూర్చుని మాట్లాడమని కోరుతున్నాను.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఆ భాండాగారానికి రాతపూర్వకమైన కట్టుబాట్లు ఉండాలి. న్యాయస్థానం ఉత్తర్వు లేకుండా ఏ ఫ్రేమునూ పోలీసులకు గానీ, మరే శాఖకు గానీ ఇవ్వకూడదు. లైంగిక హింస బాధితుల చిత్రాలను విడిగా ముద్రవేసి మూసి ఉంచాలి. చిత్రంలో ఉన్న మనిషి గానీ, వారి పిల్లలు గానీ వచ్చి అడిగితే ఒక ప్రింటు ఉచితంగా ఇవ్వాలి. తన చిత్రాన్ని బయట పెట్టవద్దని వారు కోరితే ఆ కోరికను మన్నించాలి. ఈ కట్టుబాట్లు రాసేటప్పుడు దళిత, ఆదివాసీ, హక్కుల సంఘాల ప్రతినిధులను కూడా కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఆ చిత్రాల్లో ఉన్నది వాళ్ళు.

ఇక మీదట అచ్చయ్యే ప్రతి ఫోటో కింద, పాతదైనా కొత్తదైనా, కంట్రిబ్యూటరుదైనా, తెలిసినంతవరకు పేరు వేయాలి. అసలు ఫైళ్ళను భద్రపరచడానికి ప్రతి యూనిట్‌లో ఏర్పాటు ఉండాలి. ధర్నాలకు, ప్రమాద స్థలాలకు మీరు పంపే కంట్రిబ్యూటర్లకు బీమా చేయించాలి. తోటి ఫోటోగ్రాఫర్లకు కూడా ఒక విన్నపం: మీ ఇంటి అటకల మీద ఉన్నవాటిని ఈ వర్షాకాలం లోపల దింపి చూడండి. మన ఊరి సముద్రపు తేమ సంగతి మీకు చెప్పనక్కరలేదు.

నా దగ్గరున్న రెండు సంచుల్లోని కవర్లను విడదీసి, ఆరబెట్టి, చదవగలిగినంతవరకు తేదీలతో జాబితా రాశాను. ఏ సంస్థ అయినా వచ్చి చూసుకోవచ్చు. పట్టాల ధర్నా నాటి రీలు వాటిలో లేదు. అది రెండో బీరువాలో ఉండేది. మెట్ల కింది గది నుంచి మొదటి బీరువా తూకానికి పోయిందని తెలిసింది, రెండోది ఎక్కడికి చేరిందో ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఆ మహిళ సంకురాత్రికి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది. ఆ బీరువా సంగతి తెలిసినవారు మీ సంస్థల్లో ఎవరున్నా, మిగిలిన డిమాండ్ల మీద నిర్ణయం అయ్యేదాకా ఆగకుండా, ముందుగా ఆ ఒక్క విషయం తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పత్రికా ఫోటోగ్రాఫరు,
విశాఖపట్నం.